జీడిసొన తెలిసిన నేలలో ‘పడదు’ అన్న మాట

శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే మహిళ చేతులు ఒక్కసారి దగ్గరగా చూస్తే ఆ పని ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. బొటనవేలు, చూపుడువేలు కొసలు మసి పట్టినట్టు నల్లబడి ఉంటాయి. గోళ్ల చుట్టూ చర్మం పొరలు పొరలుగా లేచి ఉంటుంది. జీడిపిక్క పెంకు పైకి ఒకటే ముక్కలా కనిపిస్తుంది గానీ, దాని రెండు గోడల మధ్య తేనెపట్టులాంటి చిన్న చిన్న గదులుంటాయి. ఆ గదుల నిండా చిక్కటి నూనె. పిక్కను డ్రమ్ములో కాల్చినా, ఆవిరిలో ఉడకబెట్టినా, పెంకు చీల్చే క్షణాన ఆ నూనె కొంతైనా వేళ్ల మీద పడుతుంది. పడిన చోట మొదట మంట, తర్వాత బొబ్బ, ఆ తర్వాత మచ్చ. అందుకే చేతులకు బూడిదో ఆముదమో రాసుకుని పనికి కూర్చోవడం జీడిపరిశ్రమలో పాత అలవాటు. తొడుగులు వేసుకోవచ్చు, కానీ తొడుగులతో వేళ్లు చురుగ్గా ఆడవు. కిలోల లెక్కన కూలి వచ్చేచోట చురుకుతనమే జీతం. ఒక చెట్టు మనిషి ఒంటికి చేసే కీడును ఇంత దగ్గరగా, ఇంత కాలంగా ఎరిగిన ప్రాంతాలు ఆంధ్రదేశంలో ఎక్కువ లేవు. అయినా అదే చెట్టు పప్పు, బడి వంటశాలలోని గుడ్డు, చిక్కీ, పాలు ఎవరో ఒక పిల్లకు నిమిషాల్లో ప్రాణం మీదికి తెస్తాయన్న ఎరుక మాత్రం పలాస చుట్టూ ఉన్న ఈ ఉద్దానం బడుల గడప దాటి లోపలికి రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే ఈ చెట్టు చరిత్ర, బడి భోజనం చరిత్ర రెండూ కలిపి చూడాలి.

జీడిమామిడి మన చెట్టు కాదు. బ్రెజిల్ ఈశాన్య తీరం దాని పుట్టిల్లు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడమటి తీరానికి తెచ్చారు, అక్కడి నుంచి తూర్పుతీరపు ఇసుకనేలలకు పాకింది. కొత్త చెట్టు వస్తే పాత పేర్లతోనే పిలుచుకోవడం మనవాళ్ల పద్ధతి. ఈ చెట్టుకు మనం రెండు పాత పేర్లు కలిపి పెట్టాం. మామిడి అందరికీ తెలిసిందే. జీడి అంటే మన అడవుల్లోని నల్లజీడి. ఒకప్పుడు చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టింది దాని రసంతోనే. ఆ రసం ఎంత పదునైనదంటే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇండియాలో ఉన్న విదేశీ సైనికులకు మెడ మీదా నడుము మీదా వచ్చిన విచిత్రమైన బొబ్బలకు కారణం చొక్కాల మీది చాకలి గుర్తులేనని వైద్యులు తేల్చారు. నల్లజీడి, మామిడి, జీడిమామిడి, పిస్తా అన్నీ ఒకే వృక్షకుటుంబం. మామిడికాయ ముచ్చిక తుంచినప్పుడు చిమ్మే సొన పెదవికి తగిలితే పుండు పడుతుందని ప్రతి పల్లెటూరి పిల్లవాడికీ తెలుసు. కాబట్టి ‘జీడి’ అన్న రెండక్షరాలలోనే ఒక హెచ్చరిక ఉంది. ఐరోపాలోనూ ఇదే జరిగింది. అక్కడి మందుల వ్యాపారులు మన నల్లజీడిని ‘అనకార్డియం’ అనేవారు, ఆ పేరే తర్వాత బ్రెజిల్ చెట్టుకు బదిలీ అయింది. చెట్టు కొత్తదైనా దాని కీడును రెండు నాగరికతలూ పాత పేరుతోనే గుర్తుపట్టాయి.

ఉద్దానం అన్న పేరు ఉద్యానం నుంచి వచ్చిందంటారు, చూస్తే నిజమే అనిపిస్తుంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట నుంచి మందస, వజ్రపుకొత్తూరు, పలాస దాకా కొబ్బరి, జీడి, పనస కలగలిసిన తోటలు. జలంత్రకోట ఈ పట్టీలోనిదే. ఒకప్పుడు ఇదంతా గంజాం జిల్లా. మందస, టెక్కలి, జలంత్ర వంటి చిన్న చిన్న జమీందారీలు ఇక్కడ ఉండేవి. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం రెండు ముక్కలై, దక్షిణపు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. మద్రాసు–హౌరా రైలు మార్గం మీద పలాస స్టేషను, చుట్టూ జీడితోటలు, తోటల్లో పని దొరకని నెలల్లో కూలికి వచ్చే మహిళలు: ఈ మూడూ కలిసిన చోట జీడిపప్పు పరిశ్రమ వేళ్లూనుకుంది. మార్చి నుంచి మే దాకా పిక్కలు దిగుతాయి. 80 కిలోల బస్తా లెక్కన బేరం నడుస్తుంది. స్థానిక పంట చాలక ఆఫ్రికా దేశాల పిక్క కూడా దిగుమతి అవుతుంది. కాల్చడం, కొట్టడం, ఆరబెట్టడం, తొక్క తీయడం, గుండు, బద్ద, నూక అని ఏరడం అన్నీ చాలాకాలం చేతిపనులే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి తరతరాల జీడిచెట్లను వేళ్లతో సహా పెకలించింది. అయినా పలాస జీడి ఊరుగానే మిగిలింది. ఈ ప్రాంతంలో పెళ్లి భోజనంలో జీడిపప్పు కూర లేకపోతే అది విందు కిందే లెక్క కాదు. జీడిపప్పు ఇక్కడ మర్యాద, పంట, కూలి, అప్పు, అన్నీ. అలాంటి పదార్థాన్ని ‘ప్రమాదం’ అన్న మాటతో కలిపి పలకడం ఎవరికైనా కష్టమే. ఆ కష్టాన్ని తక్కువగా చూడకూడదు.

ఇక్కడే ఒక తేడా స్పష్టంగా పట్టుకోవాలి. సొన చేసే కీడు వేరు, పప్పు చేసే కీడు వేరు. పెంకులోని నూనె చర్మానికి తగిలితే మంట, బొబ్బలు. కొందరిలో ఒంటి రక్షణ వ్యవస్థ దాన్ని గుర్తుపెట్టుకుని, మళ్లీ తగిలినప్పుడు ఒకటి రెండు రోజుల తర్వాత దద్దురుగా బయటపెడుతుంది. బాధ ఉంటుంది, పుండు పడుతుంది, ప్రాణానికి మాత్రం సాధారణంగా ముప్పు రాదు. 1982లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పిల్లల బేస్‌బాల్ సంఘం ఒకటి విరాళాల కోసం అమ్మిన జీడిపప్పు పొట్లాలలో పెంకు ముక్కలు కలిసిపోయి యాభైమందికి పైగా ఒళ్లంతా దురద దద్దుర్లు వచ్చాయి. ఆ పప్పు మొజాంబిక్ నుంచి వచ్చింది. అది సొన చేసిన పని. పప్పు సంగతి అలా కాదు. పప్పులో నూనె ఘాటు లేదు, మాంసకృత్తులున్నాయి. నూటికి తొంభై తొమ్మిదిమందికి అవి బలం. ఏ కొద్దిమందిలోనో మాత్రం శరీరం వాటిని శత్రువుగా పొరపడి ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారు చేసుకుంటుంది. అలాంటి పిల్ల నోట్లో అర బద్ద పడినా చాలు. క్షణాల్లోనో అరగంటలోనో పెదాలు ఉబ్బుతాయి, ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, వాంతి వస్తుంది, గొంతు పట్టేసి పిల్లికూతలు మొదలవుతాయి, బీపీ పడిపోతుంది. కేంబ్రిడ్జి వైద్యులు 2007లో 141మంది పిల్లలను పోల్చి చూసి, వేరుశనగ వల్ల వచ్చే ప్రతిచర్యల కంటే జీడిపప్పు వల్ల వచ్చేవి తీవ్రంగా ఉంటున్నాయని చెప్పారు. సొనకు అందరి చేతులూ కాలతాయి, పప్పుకు ఒక్కరి గొంతే మూసుకుపోతుంది. ఉద్దానానికి మొదటిది తెలిసి రెండోది తెలియకపోవడానికి అసలు కారణం ఇదే. అందరికీ వచ్చే కీడు చుట్టూ పనివాళ్ల జాగ్రత్తలు, ఇంటి వైద్యాలు, కూలి తగాదాలు పుడతాయి, దానికి ఒక పేరూ పడుతుంది. వెయ్యిమందిలో ఒక్కరికి వచ్చేదానికి అనుభవమే పోగుపడదు.

నిజానికి పేరు లేకపోలేదు. ‘పడదు’ అన్నది తెలుగులో ఎంతో పాత మాట. వంకాయ పడదు, రొయ్య పడదు, ఫలానా నీళ్లు ఒంటికి పడవు అంటాం. వైద్యశాస్త్రం ఈ మాటకు దగ్గరగా వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. 1901లో మొనాకో రాజు ఓడలో సముద్రజీవుల విషాన్ని పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రిషే, పొల్ పోర్తియేతో కలిసి ఆ ప్రయోగాలు కొనసాగిస్తూ, మొదటిసారి తట్టుకున్న కుక్క కొన్ని వారాల తర్వాత అంతకంటే చాలా తక్కువ మోతాదుకే చనిపోవడం చూశాడు. దానికి అనఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1913లో రిషేకు నోబెల్ బహుమతి వచ్చింది. 1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ‘అలర్జీ’ అన్న మాట పుట్టించాడు. ఐజీఈ ఆచూకీ 1960ల చివర్లో గానీ దొరకలేదు. మన ‘పడదు’లో ఆ శాస్త్రమంతా లేదు, కానీ ఒక సరైన పరిశీలన ఉంది: తప్పు తిండిది కాదు, ఆ తిండికీ ఆ ఒంటికీ మధ్య ఉన్న పొంతనది. లోపం ఎక్కడంటే, ఈ ఒక్క మాటనే మనం నాలుగు పనులకు వాడుకుంటాం. అరగకపోయినా పడదు, ఇష్టం లేకపోయినా పడదు, వ్రతమో పథ్యమో అయినా పడదు, ప్రాణం పోయేంత ప్రమాదమైనా పడదే. పిల్ల ‘నాకు గుడ్డు పడదు’ అన్నప్పుడు పెద్దలకు వినిపించేది మొదటి మూడు అర్థాలే. నాలుగోది వినిపించేసరికి ఆలస్యమైపోతుంది.

బడి భోజనం చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. ఆ చరిత్ర గొప్పది, దాన్ని కించపరచడం ఈ వ్యాసం ఉద్దేశం ఎంతమాత్రం కాదు. 1920లో మద్రాసు నగరపాలక సంస్థ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు అల్పాహారం పెట్టడంతో మొదలైన ఆలోచన, 1995 ఆగస్టు 15న జాతీయ పథకమైంది. మొదట్లో చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా బియ్యం పంచి ఊరుకున్నాయి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వేడివేడిగా వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడిలో పొయ్యి వెలిగింది. ఆ భోజనం పిల్లలను బడికి తెచ్చింది, అన్ని కులాల పిల్లలనూ ఒక్క వరసలో కూర్చోబెట్టింది. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘోరం తర్వాత, వండినదాన్ని కనీసం ఒక ఉపాధ్యాయుడైనా ముందు రుచి చూడాలన్న నియమాన్ని దేశమంతటా గట్టిగా అమలుచేయమన్నారు. 2020 జనవరిలో మన రాష్ట్రంలో గోరుముద్ద పేరుతో మెనూ మారి, వారానికి అయిదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ వచ్చాయి. 2023లో రాగిజావ చేరింది. 2024లో పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. వచ్చినవారికల్లా అన్నం పెట్టిన ఆ తల్లి పేరు బడి భోజనానికి తగినదే.

ఈ చరిత్రలో ప్రతి మెట్టూ అందరికీ వర్తించే కీడును అడ్డుకోవడానికి వేసిందే. ఆకలి అందరిదీ, రక్తహీనత చాలామందిది, విషం కలిస్తే ముప్పు అందరికీ. రుచి చూసే నియమాన్నే తీసుకోండి. మేష్టారు ఒక ముద్ద తిని బాగుందంటే ఆ అన్నం వందమందికీ క్షేమమని అర్థం. కానీ గుడ్డు పడని పిల్లకు ఆ రుచి ఏ భరోసా ఇవ్వదు. తిన్న మేష్టారికి గుడ్డు పడుతుంది మరి. సగటు మనిషి నాలుక ఒక పిల్ల ఒంటికి సాక్షి కాలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతకాల్సిన ముప్పై రకాల లోపాలు, జబ్బుల జాబితా ఇచ్చింది. గుండె జబ్బు, మూర్ఛ, చెవి, పళ్లు, చర్మవ్యాధులు, ఆయాసం అన్నీ అందులో ఉన్నాయి. తిండి అలర్జీ లేదు. ఆయాసం ఉండడం మాత్రం గమనించాల్సిన సంగతి, ఎందుకంటే ఉబ్బసం ఉన్న పిల్లకు తిండి అలర్జీ కూడా ఉంటే ముప్పు బాగా పెరుగుతుంది. అంటే సగం సమాచారం ఇప్పటికే ఆ కార్యక్రమపు ఆరోగ్యబృందం కార్డులో ఉంది. రెండో సగం అడిగినవాళ్లు లేరు.

ఇంత అరుదైనదాని కోసం ఇంత గొడవ ఎందుకు అన్నది మొదటి ఆక్షేపణ. న్యాయమైన ప్రశ్నే. కర్ణాటకలో ఆరు నుంచి పదకొండేళ్ల బడిపిల్లల మీద జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో తిండి అలర్జీ 0.14 శాతమని తేలింది. చైనా, రష్యాలలో చూసిన చోట్ల కంటే ఇది తక్కువ. పక్క రాష్ట్రం అంకె ఉద్దానానికి అచ్చంగా సరిపోతుందని చెప్పలేం, కానీ లెక్క కట్టడానికి అది చాలు. ఏడు వందలమంది పిల్లలున్న ఉన్నత పాఠశాలలో సగటున ఒక్కరు. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనం తినేవాళ్లు ముప్పై లక్షలకు పైనే. ముప్పై లక్షల్లో 0.14 శాతమంటే నాలుగు వేల రెండు వందలమంది. నాలుగు వేలమంది పిల్లలు ఒక్కచోట ఉండి ఉంటే మనం ఒక ప్రత్యేక పథకమే పెట్టేవాళ్లం. బడికొకరుగా విడివిడిగా ఉండబట్టే ఎవరి కంటికీ ఆనడం లేదు.

రెండో ఆక్షేపణ మరింత ఆలోచింపజేసేది. ఇది పడమటి దేశాల జబ్బు, మన పిల్లలు చంటితనం నుంచే అన్నీ తింటారు గనుక మనకు రాదంటారు. ఇందులో కొంత నిజం ఉంది. 2015లో లండన్ పరిశోధకులు అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న 640మంది పసిపిల్లలను రెండు జట్లుగా పెట్టి చూస్తే, ఏడాది లోపే వేరుశనగ తినడం మొదలుపెట్టినవాళ్లలో ఆ అలర్జీ ఎనభై శాతం దాకా తగ్గింది. మన ఇళ్లలో పిల్లకు ఏడెనిమిది నెలలకే పెద్దల కంచంలోంచి అన్నీ రుచి చూపించడం మంచి అలవాటేనని ఇది చెబుతోంది. జీడితోటల మధ్య పెరిగిన పిల్లలకు అలాంటి రక్షణ కొంత ఉండి ఉండవచ్చు. అయితే తగ్గడం వేరు, లేకపోవడం వేరు. ఆ అధ్యయనంలో తొలినాళ్ల నుంచి తిన్నవాళ్లలోనూ కొందరికి అలర్జీ వచ్చింది. పైగా ఇప్పటి ఇళ్లలో తిండి మారుతోంది. ఈ తీరం నుంచి బతుకుతెరువుకు హైదరాబాదుకో చెన్నైకో గుజరాత్‌కో వలసవెళ్లి, పిల్లలతో తిరిగివచ్చే కుటుంబాలు తక్కువ కాదు. తాత తిన్నాడు గనుక మనవరాలికి పడుతుందన్నది ధైర్యమే తప్ప రుజువు కాదు.

బడిలోనే ప్రత్యేకంగా ఎందుకంటే, ప్రపంచ అనుభవం వేలెత్తి చూపిస్తున్నది బడినే. 1992లో అమెరికన్ వైద్యుడు హ్యూ శాంప్సన్, తిండి అలర్జీతో ప్రాణం పోయిన, పోబోయిన 13మంది పిల్లల వివరాలు ప్రచురించాడు. ఆరుగురు చనిపోయారు. వాళ్లలో నలుగురికి ఆ ఘటన జరిగింది బడిలోనే. పిల్లలకు తమకేది పడదో ముందే తెలుసు. తిన్న పదార్థంలో అది ఉందని తెలియలేదు, అంతే. చనిపోయిన ఆరుగురిలో మొదటి గంటలోపు అడ్రినలిన్ ఇంజెక్షన్ అందింది ఇద్దరికే. బతికిన ఏడుగురిలో ఆరుగురికి అరగంటలోపే అందింది. ఆ తర్వాతి మూడు దశాబ్దాలలో జరిగిందంతా ఈ ఒక్క తేడా మీద కట్టిందే. కెనడాలోని ఆంటారియో రాష్ట్రం, బడి క్యాంటీన్‌లో తిన్న తర్వాత ఒక విద్యార్థిని చనిపోయాక, ప్రతి బడిలో అలర్జీ ప్రణాళిక ఉండాలని చట్టం చేసింది. 2006 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది. బ్రిటన్ 2017లో బడులే అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్నులు కొని ఉంచుకోవడానికి అనుమతిచ్చింది. ఆ పెన్నులు ఖరీదైనవి, మన మందుల దుకాణాల్లో మామూలుగా దొరికేవి కావు. వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మనకు ఏ దారీ కనిపించదు.

దారి మన ఊళ్లోనే ఉంది. పదేళ్లకూ పదహారేళ్లకూ వేసే టీడీ టీకా కోసం ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం బడికి వస్తుంది. ఆమె సంచిలో టీకాలతో పాటు ఒక చిన్న పెట్టె ఉంటుంది. తెరిస్తే ఒక మిల్లీలీటరు అడ్రినలిన్ ఆంపూళ్లు, సిరంజీలు, అంగుళం పొడవు సూదులు, దూది, వయసును బట్టి ఎంత ఎక్కించాలో చెప్పే పట్టిక. టీకా వేశాక ఎవరికైనా అనఫిలాక్సిస్ వచ్చినట్టు అనుమానమొస్తే, డాక్టరు కోసం ఆగకుండా తొడ కండలోకి ఒక మోతాదు ఇచ్చి ఆసుపత్రికి పంపే అధికారం, శిక్షణ ప్రభుత్వమే ఆమెకు ఇచ్చింది. ఆ ఆంపూలు ఖరీదు కొద్ది రూపాయలే. సూది అంటే డాక్టరే వేయాలి, మేష్టర్లకు ఎందుకీ తలనొప్పి అన్న మూడో ఆక్షేపణకు ఇదే జవాబు. ఒక సామాన్య ఆరోగ్య కార్యకర్త నిమిషాల్లో చేయదగ్గ పని ఇది అని ప్రభుత్వం ఒప్పుకునే ఉంది. కాకపోతే టీకా రోజుకే ఆ ఒప్పుకోలు పరిమితమైంది. టీకా వల్ల గొంతు మూసుకుపోయిన పిల్లకూ, చిక్కీ వల్ల మూసుకుపోయిన పిల్లకూ ఒంట్లో జరిగేది ఒకటే, మందూ ఒకటే. 2019 నుంచి సచివాలయాలలో ఏఎన్‌ఎంలు ఉన్నారు. ఆమె ఫోను నంబరు వంటశాల గోడ మీద రాసి ఉంటే, అలర్జీ తెలిసిన పిల్ల ఉన్న బడి ఏదో ఆమెకు ముందే తెలిస్తే, 108 అంబులెన్సు రాకముందే ఆ మోతాదు పడుతుంది. టీకా రోజుకు ఇచ్చిన ఆదేశాన్ని బడి భోజనానికీ వర్తింపజేస్తూ జిల్లా ఆరోగ్యశాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

ఈ విషయంలో చాలా ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. దద్దుర్లు రాగానే ఏవిల్ మాత్రో సెట్రిజినో వేసి తగ్గుతుందిలే అని కూర్చుంటారు. ఆ మాత్రలు దురద తగ్గిస్తాయి, మూసుకుపోతున్న గొంతును తెరవలేవు, పడిపోతున్న బీపీని నిలబెట్టలేవు. ఆయాసమో, గొంతు బొంగురో, ఆగని వాంతులో, కళ్లు తిరగడమో దద్దుర్లకు తోడైతే అది మాత్రల పని కాదు, సూది పని. పిల్లను నిలబెట్టకూడదు, నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తు మీద పెట్టాలి. ఊపిరి కష్టమైతేనే కూర్చోబెట్టాలి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లి కొన్ని గంటలు కనిపెట్టి ఉండాలి, ఎందుకంటే అది తిరగబెట్టవచ్చు.

కొందరు ఇంకో కొసకు వెళ్తారు. బడిలో గుడ్డు ఆపేయండి, చిక్కీ ఆపేయండి, జీడిపప్పు తేవద్దనండి అంటారు. ఒక్క పిల్ల కోసం మొత్తం బడి పళ్లెంలోంచి గుడ్డు తీసేయడం తప్పు. వారంలో మాంసకృత్తులు దొరికే చోటు ఆ గుడ్డొక్కటే అయిన పిల్లలు ఈ తీరంలో వందలమంది ఉన్నారు. పైగా గుడ్డు మీద మన దేశంలో వేరే రకం రాజకీయాలు నడుస్తున్నాయి, అలర్జీ పేరు వాటికి ఆయుధం కాకూడదు. నిషేధం పెట్టి మరచిపోవడం కంటే, ఆ పిల్ల పళ్లెం వేరుగా చూసుకోవడమే నమ్మదగ్గ మార్గం. దానికి పెద్ద ఖర్చు ఉండదు. గుడ్డు కూర గరిటె పప్పులో పెట్టకుండా ఉండాలి, ఆ పిల్లకు ముందు వడ్డించాలి, గుడ్డు బదులు అరటిపండో శనగలో ఒంటికి పడేది ఇవ్వాలి, పక్క పిల్ల తన చిక్కీ ముక్క పంచుకోకుండా ఒక మాట చెప్పాలి. పప్పూ కూరా ఒకే చేతితో వండే వంట ఆయాకు ఎందుకో వివరిస్తే ఆమె ఇవన్నీ చేస్తుంది. ఇంట్లో పథ్యం వండిన చేతులకు ఈ పని కొత్తేమీ కాదు. ఎక్కువ ప్రమాదం వంటశాలలో కాదు, మెనూలో లేని తిండిలో ఉంటుంది. ఆగస్టు 15 మిఠాయి, పుట్టినరోజు కేకు, ఊళ్లో పెళ్లి నుంచి బడికి వచ్చిన జీడిపప్పు పాకం, ఎండాకాలం సెలవుల ముందు తోటలో కాల్చుకు తిన్న పిక్కలు. పొట్లంలో కట్టి అమ్మే వస్తువు మీద వేరుశనగ, జీడిలాంటి గింజలు, పాలు, గుడ్డు, సోయా, గోధుమ, చేప, రొయ్య ఉన్నాయో లేదో రాయాలని ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఆ అట్ట చదివే అలవాటు పిల్లకే నేర్పవచ్చు, ఆరో తరగతి పిల్ల బాగానే చదువుతుంది. వేరు పళ్లెం అంటే వెలివేత గుర్తొస్తుందన్న భయం ఒకటుంది, మన సమాజంలో ఆ భయానికి చరిత్ర ఉంది కూడా. అందుకే ఆ పిల్ల వరసలోనే, అందరి మధ్యే కూర్చోవాలి. వేరుగా ఉండాల్సింది గరిటె, పిల్ల కాదు.

లెక్క రాసుకునేదాకా ఏ జబ్బూ లేనట్టే ఉంటుందని ఉద్దానానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి కిడ్నీ జబ్బు దశాబ్దాల పాటు ఇంటింటి దుఃఖంగానే ఉండిపోయింది. ఊరూరా రక్తపరీక్షలు జరిగి, అంకెలు పోగైన తర్వాతే డయాలసిస్ కేంద్రాలు, మంచినీటి పథకం వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరుచుకున్నాయి. తిండి అలర్జీ ఆ స్థాయి విపత్తు కాదు. కానీ లెక్క మొదలయ్యేది మాత్రం అలాగే. బడిలో చేర్చుకునేటప్పుడు రాసే దరఖాస్తులో పుట్టినతేదీ, కులం, పుట్టుమచ్చలు అన్నీ అడుగుతాం. ఒంటికి పడనిది ఏది, తిన్నప్పుడు ఏం జరిగింది, ఉబ్బసం ఉందా అని అడగం. దద్దురు మాత్రమే వచ్చిందా, ఊపిరి ఆడలేదా అన్న ఆ రెండో ప్రశ్నే అయిష్టాన్ని అపాయం నుంచి వేరు చేస్తుంది. ఊపిరి ఆడలేదని తల్లి చెబితే ఆ పిల్లను డాక్టరుకు చూపించాలి, ఏఎన్‌ఎంకు చెప్పాలి, వంటశాల గోడ మీద పేరు రాయాలి.

జూన్ 12న బడులు తెరుస్తారు. జలంత్రకోట, కంచిలి, సోంపేట, పలాస బడుల ప్రధానోపాధ్యాయులకు ఇదే మనవి. ఈ ఏడాది చేరే పిల్లల కాగితాలు తీసుకునేటప్పుడు, పుట్టుమచ్చల గడి కింద ఒక గీత గీసి, ‘ఏది పడదు? తింటే ఏమైంది?’ అని తల్లిని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి.